గాజు పటాల వెనుక గొంతులు

పట్టపగలే చీకటి కమ్ముకుంది! కారుమేఘాలు కాలసర్పాల్లా ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ ఊరిమీదికి దిగుతున్నాయి... ఎక్కడో పాడుగోడ తొర్రలో, వేళ కాని వేళ గుడ్లగూబ వికృతంగా కూసింది!

ఆ కూతకు అక్క గుండె ఝల్లుమంది. కుట్టుమిషన్ మీద పని అలాగే వదిలేసి వచ్చిన మనిషి, చెల్లెలి ఇంటి తలుపు తోసింది. కొన్నాళ్లుగా చెల్లెలు ఫోనెత్తడం లేదు. వాగుడుకాయ అని ఇంటిల్లిపాదీ ఆటపట్టించిన పిల్ల, కథలు రాసి పేరు తెచ్చుకున్న పిల్ల... ఉన్నట్టుండి మూగబోయిందట!

"రండి వదినా," అన్నాడు చెల్లెలి మొగుడు, చిన్నగా నవ్వుతూ.

వీధిలో అందరూ అతణ్ణి బొమ్మలాయన అంటారు. రాగిరేకు మీద సూదిమొనతో చెక్కి, కాగితంపై అచ్చొత్తిన పూర్వకాలపు రచయితల చిత్తరువులు ఎక్కడున్నా వెతికి తెచ్చేవాడు. రంగు మాసిన ఆ ముఖాలు గాజు పటాల్లో బిగిసి, హాలు గోడలన్నీ కప్పేశాయి. అక్క వాటివంక చూసి కొయ్యబారిపోయింది...

ప్రతి బొమ్మలోనూ పెదవులు కదులుతున్నాయి!

గది మధ్య కుర్చీలో చెల్లెలు... ప్రాణమున్న శిలాప్రతిమ! ఆమె ముందు సిరా నింపిన కపాలం. పక్కనే రాగిరేకు మీద, సగం చెక్కిన ఆమె ముఖం!

"ఏం చేశావయ్యా దీన్ని?"

"ఒక్కో గీత గీస్తుంటే ఒక్కో మాట ఊడి ఈ రేకులోకి వస్తోంది వదినా. చచ్చినవాళ్ల గొంతులన్నీ పట్టి ఈ పటాల్లో బంధించాను. బతికున్న గొంతు ఒక్కటి కలిస్తే చాలు... నేను పలికిందల్లా జరిగి తీరుతుంది! మృత్యువైనా నా మాట జవదాటదు!"

అతను కపాలంలో సూది ముంచి క్షుద్రమంత్రం అందుకున్నాడు. చెల్లెలి కళ్లు తెల్లగా తేలిపోయాయి! ఆమె నోట ఒక ముసలివాడి గొంతు, దాన్ని తోసుకుంటూ ఒక స్త్రీ ఆక్రందన... "వదలరా... మమ్మల్ని వదలరా!"

ఫెళఫెళమని పిడుగు! ఇల్లంతా అదిరి, ఒక పటం ఊడిపడి గాజు భళ్లుమంది. లోపలి ముఖం మాయమై కాగితం తెల్లగా మిగిలింది. బొమ్మలాయన వెర్రికేక పెట్టి, పారిపోతున్న గొంతును అరచేతులతో ఆపబోయాడు.

అతని భయం చూడగానే, పటం పగిలితే గొంతు విడుదలవుతుందని అక్కకు అర్థమైంది. గోడమీది పటాన్ని అందుకుంది.

"ముట్టుకున్నావో, నీ చెల్లెలు ఇక్కడే చస్తుంది!"

అక్క చేయి ఆగిపోయింది. ఏం చేయను...? అప్పుడు చెల్లెలు... మాట రాని చెల్లెలు... మెల్లగా తల ఊపింది. పగలగొట్టు!

అక్క పంటిబిగువున ఆ పటాన్ని నేలకేసి కొట్టింది. ఆపై ఇంకొకటి... మరొకటి! పటాలు పగిలేకొద్దీ గది ఘోషతో నిండిపోయింది. శతాబ్దాల వాక్కు సుడిగాలిలా లేచి అతణ్ణి చుట్టుముట్టింది! మంత్రం జపించబోయాడు... నాలుక మీద ఒక్క అక్షరం నిలవలేదు! చర్మం మీద సన్నని నల్లగీతలు పాకాయి... చేతులు, మెడ, ముఖం... మనిషి మొత్తం గీతలై, ఆ గీతలన్నీ రాగిరేకులోకి ఇంకిపోయాయి!

రేకు మీద చెల్లెలి ముఖం చెరిగిపోయింది. దాని స్థానంలో నోరు తెరుచుకున్న బొమ్మలాయన!

"అక్కా..." బొంగురు గొంతుతో అంది చెల్లెలు. "దాహమేస్తోందే..."

అక్క ఆమెను కావలించుకుని బావురుమంది.

మర్నాడు ఇద్దరూ ఆ రేకును కంసాలి కొలిమిలో వేయించారు. అది పూర్తిగా కరిగేదాకా మంటల్లోంచి ఒక అరుపు వినిపిస్తూనే ఉంది. అక్క చెవులు మూసుకుంది.

చెల్లెలు మాత్రం చివరిదాకా విన్నది.