చెయ్యి కలిపితే వెలిగే చేపలు

పదకొండయింది. చేపలు వెలగలేదు.

మా మనవరాలు కరుణ మొహం చూడాలి అప్పుడు! ఇబ్రహీంపట్నంలో వాళ్ల బడి ప్రదర్శన అది. నేనూ చూడటానికి వెళ్లాను. కరుణ, దాని స్నేహితురాలు స్తుతి కలిసి పొడవాటి అట్ట మీద చెరువు బొమ్మ వేశారు. ఈ చివర ఒక వెండి కాగితం చేప, ఆ చివర ఇంకొకటి. ఇద్దరు చెరో చేప మీద చెయ్యి పెట్టి, రెండో చేతులు పట్టుకుంటే చెరువంతా బల్బులు వెలగాలి. వెనక వైర్లు, బ్యాటరీ, చేతుల్లోంచి పోయే కాస్త కరెంటును పసిగట్టే చిన్న బోర్డట. నిన్న మధ్యాహ్నం బాగానే వెలిగిందట.

ఇవాళ చూడటానికి వచ్చిన ఇద్దరు తల్లులు చేతులు కలిపారు. ఏమీ లేదు. ఎవరో నవ్వారు. ఇంకో గంటలో సైన్సు చెప్పే రమాకాంత్ సార్ జిల్లా ప్రదర్శనకు ఒక ప్రాజెక్టును ఎంచుతారు.

కరుణ కళ్లు స్తుతి మీద పడ్డాయి.

"పొద్దుగాల అందరికన్నా ముందు నువ్వే వచ్చినవ్ గద?"

"అవ్. బ్యాటరీ మార్చిన."

"మరి జేబుల చెయ్యి ఎందుకు పెట్టినవ్? ఏం దాస్తున్నవ్? చూపెట్టు!"

అందరూ చూస్తున్నారు. స్తుతి జేబులోంచి తీసి చూపించింది. పాత బ్యాటరీ.

"చెత్తల ఎయ్యొద్దని సార్ చెప్పిండు గద." ఆ పిల్ల బ్యాటరీని మళ్లీ జేబులో వేసుకుంది. "నీ చేపలు నువ్వే చూసుకో, పో!"

బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

కరుణ అప్పటికీ ఊరుకోలేదు. "నానమ్మా, ఆమెనే ఏదో వైర్ పీకింది. చూడు!"

వైర్ల సంగతి నాకేం తెలుసు? చేపల సంగతి తెలుసు. పెళ్లయిన నాటి నుంచి పొలుసు గీకిన చేతులివి. వేలితో ఆ వెండి చేపను నిమిరాను. కాగితం ముడతలు తగల్లేదు. నున్నగా జారింది.

"బిడ్డా, దీనిమీద ఏదో పొర ఉంది. ఎవరేసిండ్రు?"

వేసింది కరుణే. వచ్చినవాళ్లు కావాలని గీకి చింపుతారేమోనని, నిన్న స్తుతి ఇంటికి పోయాక చేపల మీద సెల్లో టేపు అంటించింది. ఎవరికీ చెప్పలేదు.

రమాకాంత్ సార్ వంగి చూశారు. "టేపుల నుంచి కరెంటు పోదు కరుణా. చెయ్యి కాగితానికే తగలాలె."

కరుణ టేపంతా పీకేసింది. ఒక చేప తోక చిరిగింది. చూసి కూడా ఆగలేదు. నేరుగా మెట్ల దగ్గరకు వెళ్లి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"నువ్వేం చెయ్యలే. టేపు నేనే ఏసిన. ఊకెనే నిన్ను అనుమానపడ్డ."

"మళ్ల నా జేబులు చూడవా?"

"చూడ." కరుణ చెయ్యి చాచింది. "రా. నా ఒక్కదానికి రెండు చేపలు అందవు."

స్తుతి జేబులోంచి పాత బ్యాటరీ తీసి ఆ చేతిలో పెట్టింది.

"జర జాగ్రత్తగ పెట్టు."

కరుణ దాన్ని తన జేబులో వేసుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లి చేతులు కలిపారు. చెరువు వెలిగింది.

జిల్లాకు ఏది పోయిందంటారా? పక్క టేబుల్ వాళ్లది. అయినా సాయంత్రం దాకా మా వాళ్ల దగ్గరే జనం. ఒక చిన్న పిల్ల చిరిగిన తోకను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటే, కరుణ నవ్వింది.

"భయపడకు, ముట్టుకో! చిరిగితే ఇద్దరం మళ్ల అతికిస్తం."