ఆవిణ్ణి అడిగిన ప్రశ్న

పొద్దున్నే పాలు తీసుకోవడానికి ఆయన తలుపు తీసేసరికి పక్కింటావిడ ఎదురుపడి, వదినగారికి ఎలా ఉందని అడిగింది. బ్రహ్మాండంగా ఉందన్నారాయన. లోపల మంచం మీద ఆ బ్రహ్మాండం తన పిక్కలకున్న కట్ల వంక చూసుకుని నిట్టూర్చింది.

ఆయన రైల్వేస్టేషన్ మైకులో ప్రకటనలు చదివి రిటైరయ్యారు. ఇంట్లో మాత్రం ఇంకా రిటైరవలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆవిణ్ణి ఎవరేమడిగినా జవాబు ఆయన నోట్లోంచే వచ్చేది. భోజనం చేసిందో లేదో కూడా ఆయనే చెప్పేవారు. పోనీలే, మాట్లాడే శ్రమ తప్పిందని ఆవిడా నవ్వేసి ఊరుకునేది.

గర్భసంచి ఆపరేషన్ అనుకున్నదానికన్నా చాలాసేపు పట్టింది. అంతసేపూ కాళ్లు పైకెత్తి ఉంచడంతో పిక్కలకు రక్తం సరిగ్గా అందక, లోపల కండరాలు వాచి బిగుసుకుపోయాయి. ఆ బిగువు వదిలించడానికి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి పిక్కలు కోయాల్సి వచ్చింది. కుడికాలు దక్కింది. ఎడమ పాదం మాత్రం పైకి లేవడం లేదు. అది లేస్తే తప్ప ఆవిడ కుట్టుమిషన్ తొక్కలేదు. ఆ ఇంట్లో ఆవిడ తనదనుకున్నది ఆ మిషన్ ఒక్కటే.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి, ఎడమ పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు నొక్కింది.

"స్పర్శ తెలుస్తోందా అమ్మా?"

"తెలుస్తోందమ్మా, నిన్నటి మీద చాలా నయం," అన్నారాయన.

"నాకు తెలియడం లేదు," అందావిడ.

ఆయన తెల్లబోయారు. ఆవిడకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మెల్లగానే చెప్పింది.

"ఆపరేషన్ అయిన రోజు పిక్కలు పగిలిపోతున్నాయని మీతో అన్నాను. నర్సు వచ్చి నన్నడిగితే, ఏం లేదు, పడుకుని పడుకుని పట్టేసిందని మీరు చెప్పారు. ఆవిడ వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి ఆలస్యమైపోయింది."

"నువ్వు భయపడతావని..."

"ధైర్యం నాకు చెప్పాల్సింది. నా నొప్పి నర్సుకి చెప్పాల్సింది. నేనూ అలవాటు కొద్దీ నోరు మూసుకున్నాను, ఆ తప్పు నాదే."

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. మధ్యాహ్నం పక్కింటావిడ మళ్లీ వచ్చి, మిషన్ ఎప్పుడు తొక్కుతారని గుమ్మంలోంచే అడిగింది. ఆయన నోరు తెరిచి, మూసుకుని, పక్కకు తప్పుకున్నారు.

"లోపలికెళ్లి ఆవిణ్ణే అడగమ్మా," అన్నారు.

ఎప్పుడో తెలియదని, ఎడమకాలు ఇంకా మాట వినడం లేదని ఆవిడ తన నోటితో తనే చెప్పుకుంది. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాక కాస్త తేలికనిపించింది.

పక్కింటావిడ వెళ్లాక ఆయన మంచం చివర కూర్చుని, బొటనవేలు నొక్కి, ఇక్కడ తెలుస్తోందా అని అడిగారు. లేదందావిడ. ఆయన పక్క వేలు నొక్కి, ఆవిడ ముఖంలోకి చూస్తూ ఆగారు. జవాబు కోసం ఆయన అలా ఆగడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చిటికెనవేలు దగ్గర ఆవిడ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. ఆయన తొందరపెట్టలేదు.

"ఇక్కడ... కొంచెం," అందావిడ.

ఆయన ఆ వేలు వదలకుండా తల వంచుకున్నారు. పాదం మీద వెచ్చగా ఏదో పడినట్టు ఆవిడకు తెలిసింది.