సగం విన్న పాఠం

వాన అప్పుడే వెలిసింది. బెలేమ్ నగరంలోని ఆ ఇరుకు సందులో రేకుల ఇళ్ళ చూరుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఎనిమిదేళ్ళ కవాన్ గాలిపటం కరెంటు తీగకు చిక్కుకుంది.

"అక్కా, కర్టెన్ రాడ్‌తో లాగితే షాక్ కొడుతుందా?"

తీగ మీద ఒక పిట్ట రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"దానికి కొడుతోందా?" అంది జురెమా. "ఒక్క తీగనే ముట్టుకుంటే ఏం కాదురా. ఇవాళే మా మేడమ్ చెప్పింది."

మేడమ్ ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పింది. అప్పటికి జురెమా పక్క పిల్లతో కబుర్లలో పడింది.

బట్టలు మార్చుకుందామని ఆమె లోపలికి వెళ్ళింది. వంటింట్లో అమ్మమ్మ అసాయి పళ్ళ గుజ్జు తీస్తోంది. మెషీన్ హోరులో ఏమీ వినబడడం లేదు. కిటికీకి ఉండాల్సిన కర్టెన్ రాడ్ కనిపించలేదు.

జురెమా బయటికి పరుగెత్తింది.

కవాన్ తడి రేకుల కప్పు మీద, ఒట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు. అల్యూమినియం రాడ్ పైకెత్తుతున్నాడు.

బోర్డు మీద మేడమ్ గీసిన మనిషి బొమ్మ జురెమాకు గుర్తొచ్చింది. తీగ నుంచి చేతికి, ఒంట్లోంచి కాళ్ళకి, కాళ్ళ నుంచి నేలకి ఒక ఎర్ర గీత. పక్కనే గీసిన పిట్టకు ఆ గీత లేదు. అది నేలను తాకడం లేదు.

"కవాన్! రాడ్ కింద పడెయ్!"

"నువ్వే కదా ఏం కాదన్నావ్!"

రాడ్ ఇంకొంచెం లేచింది. గోడకు ఆనించి ఉన్న నిచ్చెనెక్కి వాడి కాలు పట్టి లాగాలనిపించింది. ఆ లోపే రాడ్ తీగకు తగిలితే ఇద్దరికీ కొడుతుంది.

"నేను తప్పు చెప్పానురా!" గొంతు చించుకుని అరిచింది. "నాకు తెలీదు! తెలిసినట్టు కోతలు కోశాను! నిజంగా, పడెయ్!"

అక్క ఎప్పుడూ ఏదీ తెలీదని అనదు. కవాన్ బిత్తరపోయి చెయ్యి వదిలేశాడు. రాడ్ ఖంగుమని సందులో పడింది.

వాడు దిగగానే జురెమా వాణ్ణి గట్టిగా పట్టుకుంది.

"మరి నా గాలిపటం?" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

"పోనీరా. కొత్తది చేద్దాం."

మర్నాడు సైన్సు క్లాసులో మేడమ్ పాఠం ముగించింది. "అందరికీ అర్థమైందా?"

"ఆఁ!" అంది క్లాసంతా.

జురెమా ఒక్కతే చెయ్యెత్తింది. "నాకు కాలేదు మేడమ్. అసలు కరెంటు నేలలోకే ఎందుకు పోతుంది?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెయ్యి దించలేదు.