మిరపకాయల దండ

మిట్టమధ్యాహ్నం మిరప కల్లంలో కాపలా అంటే పెద్ద పనేం కాదు. నీడన కూర్చోవాలి, మేకలొస్తే అదిలించాలి, కునుకు పట్టకుండా చూసుకోవాలి, అంతే. కూలీలంతా అన్నాలకని కాలవగట్టుకి వెళ్ళారు. సుబ్బరావమ్మ పరదా పట్టా నీడలో చాప వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఎర్రగా ఆరబోసిన కాయ. ఎండకి ఘాటు లేచి ముక్కులు మండుతున్నాయి. గాలి లేదు. కాకి కూడా అరవడం లేదు.

అప్పుడు ఎవరో తుమ్మారు.

మిరప కల్లంలో తుమ్ము వినపడితే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? సుబ్బరావమ్మ తల కూడా ఎత్తకుండా "చిరంజీవ" అనేసింది. పిల్లలు తుమ్మినా పెద్దలు తుమ్మినా ఆ మాట అనడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటు.

కాయల మధ్యలోంచి సన్నగా జవాబొచ్చింది.

"ఎందుకమ్మా?"

ఆవిడ గబుక్కున తలెత్తి చూసింది. కల్లంలో ఎవరూ లేరు. కానీ ఆ గొంతు ఎవరిదో తెలుసు. కూలికొచ్చే జయకుమారిది. జయకుమారి పోయిన నెలే చచ్చిపోయింది.

ఆ చావు సంగతి చెప్పాలి. పనయ్యాక కూరలోకని గుప్పెడు కాయలు కొంగున ముడేసుకుని వెళ్ళడం ఆ ఊళ్ళో కూలీలకి తాతలనాటి మామూలు. దాన్ని దొంగతనం అన్నవాడు లేడు. కానీ ఈ ఏడు కల్లంలోంచి బస్తాలకి బస్తాలే మాయమవుతున్నాయి. కల్లం ఆసామి, సుబ్బరావమ్మ మొగుడు బుల్లయ్య కుతకుత ఉడికిపోతున్నాడు. ఆ ఉడుకులో ఉండగా జయకుమారి కొంగుముడి కంటబడింది. ఇంకేముంది! పెద్దమనుషులు కూడారు. పోలీసులెందుకు, కోర్టులెందుకు, నలుగుర్లో సిగ్గు తీస్తే చాలన్నారు. మిరపకాయలు దండ గుచ్చి మెళ్ళో వేశారు. ట్రాక్టరు ట్రక్కు ఎక్కించి, హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిప్పారు. ఆ ఘాటుకి పాపం దారి పొడుగునా తుమ్ముతూనే ఉంది. ఆమె తుమ్మినప్పుడల్లా జనం పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే ఫోన్లలో వీడియోలు తీశారు. చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే మనిషి, ఆ ఆదివారం ప్రార్థనకి రాలేదు. మర్నాడు పొలంలో శవమై కనిపించింది. ఇంట్లో ఏవో గొడవలై ఉంటాయ్‌లే అని ఊరు చేతులు దులుపుకుంది. ఛీ, అదీ ఒక ఊరేనా!

ఇంతకీ బస్తాలు తీసిందెవరు? సుబ్బరావమ్మే. అవును, ఇంటి ఇల్లాలే. కనిగిరి అవతల ఆవిడ తమ్ముడు శ్రీకృష్ణ పొలం వానల్లేక నిలువునా ఎండిపోయింది. బుల్లయ్యేమో ఎప్పుడో ఓ పెళ్ళిలో తనకి వెనక బంతిలో వడ్డించారని అలిగి, బావమరిదితో మాటలు మానేశాడు. పుట్టింటి పేరెత్తితే ఇంట్లో రామాయణమే. తోడబుట్టినవాడి పిల్లలు పస్తులుంటే ఆవిడ ప్రాణం ఎలా ఊరుకుంటుంది? ఆటో అబ్బాయిని బతిమాలి, బస్తా తర్వాత బస్తా కనిగిరి బస్సెక్కించింది. జయకుమారిని ఊరేగించిన పూట తలుపు చాటునుంచి అంతా చూసింది. నోరు మాత్రం విప్పలేదు.

మళ్ళీ తుమ్ము. ఈసారి దగ్గరగా.

ఎండిన కాయలు గలగలమన్నాయి. ఎవరో తొక్కుకుంటూ వస్తున్నట్టు ఒక్కొక్క చోటే అణుగుతున్నాయి. అడుగు... మళ్ళీ అడుగు... మనిషి లేదు. పట్టా అంచు దాకా వచ్చి ఆ అడుగులు ఆగాయి. చెవి పక్కన వేడి ఊపిరి.

"ఇవాళ ఫెబాని ఊరేగిస్తారంటమ్మా..."

సుబ్బరావమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. ఇంటికి పరుగెత్తింది.

వాకిట్లో అప్పటికే జనం. ట్రక్కు సిద్ధంగా ఉంది. కూలికొచ్చే ఫెబా నేల మీద గొంతుక్కూర్చుని చేతులు జోడిస్తోంది. "మామూలు కాయేనండీ అయ్యా! కూరలోకండీ!" అని ఏడుస్తోంది. వినేవాడెవడు? సుబ్బరావమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏవండీ, దాన్ని వదిలెయ్యండి. ఆ బస్తాలు తీసింది నేను. మా తమ్ముడికి పంపాను."

బుల్లయ్య మొహంలో రవ్వంత మార్పు లేదు.

"నాకు తెలీదనుకున్నావా? మొదటి బస్తాకే ఆటోవాడు చెప్పాడు."

"మరి... జయకుమారిని..."

"ఊళ్ళో బస్తాలు పోయాయని తెలిశాక దొంగంటూ ఒకరు దొరకాలి. లేకపోతే అందరూ నా ఇంట్లోకి తొంగి చూస్తారు. పరువు గల ఇంటి ఆడదానివి, నోర్మూసుకుని లోపల కూర్చో."

అతను బయటికెళ్ళిపోయాడు. సుబ్బరావమ్మ అతని వెనకే కదిలింది. ఇంతా చేసి వాకిలి నాలుగడుగులే. వెళ్ళి అందరి ముందూ ఆ ఒక్క మాటా అరిస్తే ఫెబా బతికిపోయేది. గడప దాకా వెళ్ళింది. పక్కింటివాళ్ళ మొహాలు చూసింది. మళ్ళీ వెనక్కొచ్చి పీట మీద కూలబడింది.

హారన్ మోగింది. ట్రక్కు కదిలింది. జనం నవ్వులు. ఆ నవ్వుల మధ్య తుమ్ములు. సుబ్బరావమ్మ చెవులు మూసుకోబోయి, ఆగింది. కిటికీలోంచి చూసింది. ట్రక్కు మీద ఫెబా ఒక్కతే ఉంది.

తుమ్ములు ఇద్దరివి.

సందు మలుపు తిరిగేసరికి ఫెబా తుమ్ములొక్కటే వినపడుతున్నాయి.

పొద్దుగూకుతుండగా ఫోన్ మోగింది. తమ్ముడు శ్రీకృష్ణ.

"అక్కా, మనిషిని పంపేటప్పుడు ముందొక మాట చెప్పద్దూ?"

"ఎవర్నిరా? నేనెవర్నీ పంపలేదే!"

"భలేదానివే! కాయల బస్తా నెత్తిన పెట్టుకొచ్చింది. సుబ్బరావమ్మ గారింటి నుంచి అంది. మెళ్ళో ఏంటో మిరపకాయల దండేసుకుంది, మొక్కేమోలే అనుకున్నాం. పాపం ఒకటే తుమ్ములు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం. పిల్లలైతే అప్పుడే ఒళ్ళోకెక్కేశారు."

ఫోన్లో తుమ్ము వినపడింది. పిల్లలు కిలకిలా నవ్వారు. మళ్ళీ తుమ్ము. మళ్ళీ నవ్వులు.

"బయటికి... పంపెయ్యరా..." అంది సుబ్బరావమ్మ. ఆ మాట ఆవిడకే వినపడలేదు.

"పేరేంటమ్మా అంటే చెప్పదు. మీ అక్కనే అడుగు, ఆవిడకి అంతా తెలుసు అంటోంది. ఎవరక్కా?"

సుబ్బరావమ్మ నోరు తెరిచింది. అవతల నవ్వులు ఆగిపోయాయి. ముందు చిన్నది తుమ్మింది. తర్వాత పెద్దాడు. ఆ తర్వాత ఇద్దరూ... ఊపిరి తీసుకోడానికి కూడా సందు లేకుండా...

"అక్కా... అదేంటి, చెప్పవేం?"