కామిస్ చెట్టు తొలికాపు

"వదినా... నేను రావడం లేదు."

వంటింటి గోడకున్న ఫోన్‌లో మరిది జగదీష్ గొంతు విని శశికళకి ముందు ఏమీ అర్థం కాలేదు.

"ఫ్లైట్ కాన్సిల్ అయిందా? పోనీ రేపు బయల్దేరు. ఆపరేషన్ వచ్చేవారం కదా!"

"ఫ్లైట్ కాదు వదినా... నేను కిడ్నీ ఇవ్వలేను. నన్ను క్షమించండి!"

పరీక్షలన్నీ అయ్యాయి, అన్నదమ్ములకి చక్కగా మ్యాచ్ అయిందని డాక్టర్లు సంబరంగా చెప్పారు. తన బ్లడ్ గ్రూప్ కలవదని తెలిసిన రోజున ఎంత ఏడ్చిందో, జగదీష్ "నేనున్నాను వదినా" అన్న రోజున అంత ఏడ్చింది. ఇప్పుడు... ఈ మాటా!

"ఆయన నిన్ను చదివించారు జగదీష్! ఈ దేశం తీసుకొచ్చారు! నీ సొంత అన్నయ్య... చచ్చిపోతాడురా!"

అవతల ఏడుపు వినిపించింది. సోఫాలో పడుకున్న ఆమె భర్త కృష్ణమోహన్ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి రిసీవర్ అందుకున్నాడు. "పర్వాలేదురా. మీనాని జాగ్రత్తగా చూసుకో, నెలలు నిండుతున్నాయి కదా," అని పెట్టేశాడు. అంతే! ఒక్క నిష్ఠూరం లేదు! శశికళ మాత్రం ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఆ ఇంటివాళ్ళ పేరు తన నోట రానివ్వనని, వాళ్ళ ముఖం చూడనని. అది 1979.

కృష్ణమోహన్ న్యూజెర్సీలో మందుల కంపెనీలో కెమిస్టు. ప్లెయిన్స్‌బరో దగ్గర పెద్ద పెరడున్న ఇల్లు కొనుక్కున్నారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒకరికొకరు. ఇక వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. మంచినీళ్ళు కొలిచి తాగాలి. మామిడి వద్దు, అరటి వద్దు, కమలా వద్దు, కొబ్బరినీళ్ళు విషం. పండు లేనిదే భోజనం ముగించని మనిషి! ఆస్పత్రిలో డైటీషియన్ జాలిపడి, "పియర్ పండు చిన్న ముక్క తినొచ్చు," అంది. కొట్లో తెచ్చిన పియర్ చప్పగా, ఇసుకలా ఉంది. ఆయన నవ్వాడు. "దీన్లో బోలెడు రకాలున్నాయట శశీ. ఎలాగూ ఒక్క ముక్కే కదా, ఏడాదికి నాలుగు రుచులైనా చూద్దాం. మనమే వేద్దాం!"

సూదులు పొడిచే చేత్తో ఆయన పలుగు పట్టకూడదు. గోతులు శశికళే తవ్వింది. బార్ట్‌లెట్, సెకెల్, బాస్క్, కామిస్ అని నాలుగు మొక్కలు. చీర చెంగు నడుముకి దోపుకుని చలిలో తవ్వుతుంటే, కుర్చీలో కూర్చుని ఆయన చూసేవాడు. "నీ చేత ఈ పనులు చేయించడానికా నిన్ను పెళ్ళి చేసుకున్నది..." అని కళ్ళు తుడుచుకునేవాడు.

మొదట కాసింది బార్ట్‌లెట్. పియర్ చెట్టున పండితే లోపలి నుంచి కుళ్ళిపోతుంది. అందుకే గట్టికాయగానే కోసి, ఇంట్లో పెట్టి, తొడిమ దగ్గర వేలితో నొక్కి చూసుకోవాలి. అలా పండిన మొదటి పండుని ఆమె కోస్తుంటే రసం మోచేతి దాకా కారింది. ఆయనకి ఇచ్చింది పలచటి ముక్క. అది నాలుక మీదే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. "మిగతాది నువ్వు తిను శశీ. తింటూ ఎలా ఉందో చెప్పు... నేను వింటాను."

ఎలా తింటుంది? దాహంతో పెదాలు పగిలిన భర్త ఎదురుగా కూర్చుని రసం కారే పండు ఎలా మింగుతుంది? కానీ ఆయన అడిగాడు. ఆమె తిన్నది. "ముంజెలా ఉందండీ... కొరికితే చాలు, నీళ్ళు..." కొంగుతో మోచెయ్యి తుడుచుకుంది. తర్వాత సెకెల్ కాసింది. నిమ్మకాయంత పండు, పటికబెల్లమంత తీపి. గోధుమరంగు తోలున్న బాస్క్‌లో దాల్చినచెక్క వాసన! ప్రతిసారీ ఆయనకి ముక్క, ఆమెకి పండు. ఆమె చెప్పడం, ఆయన వినడం. చూసినవాళ్ళు ఎంత ముచ్చటైన జంట అనుకునేవారు. ఒక్కో పండు మింగడానికి శశికళ ఎంత కన్నీరు మింగిందో ఎవరికి తెలుసు!

ఆ మధ్యలో ఎవరో దాత కిడ్నీ దొరికింది. రెండిళ్ళ అవతలికి వినిపించేలా ఆమె ఏడ్చి సంతోషించింది. కొన్ని నెలలకే ఒళ్ళు దాన్ని తిరగ్గొట్టింది. మళ్ళీ అదే యంత్రం, అవే సూదులు. మరుసటి ఎండాకాలం చెట్లకి తెగులు పట్టింది. లేత కొమ్మలు కాల్చినట్టు నల్లగా మాడి వంగిపోయాయి. కొమ్మలు కోసినా ఆగలేదు. బార్ట్‌లెట్ పోయింది, బాస్క్ పోయింది. వాటిని వేళ్ళతో సహా తవ్వి తీసిందీ శశికళే.

1985లో కామిస్ తొలిసారి కాసింది. కాసినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దాని పద్ధతే వేరు. కోశాక నెల్లాళ్ళు చల్లగా ఉంచితే తప్ప పండదు. ఫ్రిజ్‌లో అడుగు అరలో దాచింది. అప్పటికే కృష్ణమోహన్ గుండె బాగా దెబ్బతింది. డయాలసిస్ నుంచి తెచ్చిన రోజల్లా సొమ్మసిల్లి పడుకుంటున్నాడు. ఒక ఉదయం డయాలసిస్‌కి బయల్దేరమని ఆమె కోటు అందిస్తే తీసుకోలేదు.

"ఇక వెళ్ళను శశీ."

"అలా అనకండి! ఇంకో కిడ్నీ వస్తుంది... లిస్టులో ఉన్నాం కదా!"

"నా గుండె ఆపరేషన్‌ని తట్టుకోదని డాక్టరు నీకూ చెప్పాడు. అలిసిపోయాను తల్లీ..." ఆమె చెయ్యి తన గుండెల మీద పెట్టుకున్నాడు. "జగదీష్‌ని పిలు. నా కోసం."

"చంపినవాడినా? నేను పిలవను! నా వల్ల కాదు!" ఆమె ఆయన పాదాల మీద పడి ఏడ్చింది. ఏడ్చి, ఏడ్చి... లేచి వెళ్ళి ఫోన్ చేసింది.

మర్నాడే వచ్చారు. జగదీష్, మీనా, వాళ్ళ కూతురు నళిని. జగదీష్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "అన్నయ్యా! నా కిడ్నీ ఇప్పుడు తీసుకోమను! డాక్టర్‌తో నేను మాట్లాడతాను!"

"ఇప్పుడు నాకు పనికిరాదురా. నువ్వు ఉంచుకో," అని కృష్ణమోహన్ తమ్ముడి తల నిమిరాడు.

వంటింట్లో మీనా శశికళ కాళ్ళు పట్టుకుంది. "ఆ ఫోన్ నేనే చేయించానక్కయ్యా! ఆయన సూట్‌కేస్ సర్దుకున్నారు. నేనే అడ్డం పడ్డాను. మా నాన్న చిన్న ఆపరేషన్‌కని వెళ్ళి బల్ల మీదే పోయారు... కడుపులో బిడ్డ కదులుతోంది... నాకు మతిపోయింది. ఆయన్ని అనకండి, నన్ను తిట్టండి!"

శశికళ తిట్టలేదు. లేవదీయనూ లేదు. ఫ్రిజ్ తీసి, వారం కిందటే పండటానికి బయటపెట్టాల్సిన కామిస్ పళ్ళని ఇప్పుడు పెట్టాలా అని చూస్తూ నిలబడిపోయింది. పెట్టింది. నాలుగు రోజులకి పండాయి. అప్పటికి ఆయన లేవలేకపోతున్నాడు.

"పండు మొత్తం ఇవ్వు శశీ. ఇక పథ్యం దేనికి?"

ఆమె తోలు తీసి, ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత ఆయన పండు కడుపారా తినబోతున్నాడు! రెండు ముక్కలు తిన్నాడు. మూడోది మింగుడు పడలేదు. మంచం పక్కనే నిలబడ్డ నళిని నోటికి అందించాడు.

"ఎలా ఉందో చెప్పమ్మా."

"వెరీ స్వీట్, పెద్దనాన్నా! బటర్‌లాగా మెల్ట్ అవుతుంది. మీకు నో మోర్?"

"నాకు చాలమ్మా. నువ్వు తిను... నేను వింటాను."

ఆ పాప తినే చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు. శశికళ గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో రోజు తెల్లవారుజామున ఆయన వెళ్ళిపోయాడు.

దహనం అయిన సాయంత్రం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. జగదీష్ పెరట్లో ఒంటరిగా కూర్చున్నాడు. మీనా అంట్లు కడుగుతోంది. ముఖం వాచిపోయింది, తలెత్తి చూడటం లేదు. అవతలి గదిలో నిద్రలో నళిని ఏదో కలవరించింది. మీనా సబ్బుచేతులతోనే పరుగెత్తింది, దుప్పటి కప్పి, కాసేపు బిడ్డ వీపు మీద చెయ్యేసి నిలబడి వచ్చింది. శశికళ అదంతా చూసింది.

"మీనా."

"అక్కయ్యా..."

"నీ చోట నేనుంటే... నేనూ పంపేదాన్ని కాదు."

మీనా చేతిలోని గిన్నె సింకులో జారిపోయింది. బావురుమంది. శశికళ కుళాయి కట్టేసి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పెరుగన్నం కలిపి ముందు పెట్టింది. "తిను. పొద్దుటి నుంచీ పస్తున్నావు."

ఈ ఒక్క మాట కోసం ఆయన ఆరేళ్ళు ఎదురుచూశాడు. నోరు తెరిచి ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అన్నది... వినేందుకు ఆయనే లేడు.