బర్కా ఎర్రిల్లు

ఒమన్ దేశపు బర్కాలో ఖర్జూరపు తోటల వెనకున్న ఎర్రిల్లంటే పనివాళ్లకు హడల్. రాత్రయితే నేల కింద ఎవరో ఊపిరి తీస్తారట... ఇద్దరు కాపలావాళ్లు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు.

అది మన ఇళ్ల లాంటిది కాదు. లండన్‌లో చదువుకున్న అర్బాబు, అంటే ఇంటి యజమాని, అక్కడ తాను అద్దెకున్న నూరేళ్ల పైనాటి ఇంటిని ముచ్చటపడి ఇక్కడ అచ్చం అలాగే కట్టించుకున్నాడు. ఎర్ర ఇటుక గోడలు, వీధివైపు పొడుచుకొచ్చిన కిటికీ, ఈ ఎండల్లో ఎవరికీ అక్కర్లేని పొగగొట్టం. నేలకు చెక్క పలకలు. గోడ అడుగున వరసగా చిల్లుల ఇటుకలు.

ఆ చిల్లులు మూయడానికే కడప మేస్త్రీ దస్తగిర్ వచ్చాడు. "తేళ్లు దూరుతున్నాయి, అన్నీ మూసెయ్" అన్నాడు ఫోర్‌మన్. పెరటివైపు మనిషి దూరేంత బొక్క ఒకటుంది. పునాదిలో మట్టి కుంగిందనుకుని, పొద్దుగూకే వేళకి దానికీ ఇటుక పేర్చేశాడు. ఆపైన మసీదుకెళ్లి, నమాజులు ముగించుకుని, ఎనిమిదింటికి తిరిగొచ్చి, పికప్ కోసం ముందుగదిలో కూర్చున్నాడు. ఇంటికింకా కరెంటు లేదు. వైరింగు పని చేసే నర్సింగ్ ముందే రూమ్‌కి పోయుంటాడు.

కింద — టక్.

చెవి రిక్కించాడు. టక్... టక్. సరిగ్గా అతని పాదాల కింద.

దస్తగిర్ కట్టిన ఇళ్లన్నిట్లోనూ నేల కింద మట్టే. మట్టి పోసి, దిమ్మిస కొట్టి, పైన కడప బండ పరుస్తారు. మట్టిలో ఎవరుంటారు? పాతిపెట్టినవాళ్లు తప్ప.

ఒక మూలుగు.

కళ్లు మూసుకుని, ఆపదలో కాపాడమని చదివే ఖురాన్ వాక్యం, ఆయతుల్ కుర్సీ అందుకున్నాడు. మూలుగు పెరిగింది. అతనూ గొంతు పెంచాడు. చాలాసేపటికి మూలుగు దానంతటదే ఆగింది.

ఒంటరిగా ఉండలేక నర్సింగ్‌కి ఫోన్ చేశాడు.

ఫోను ఆ గదిలోనే మోగింది. కిటికీ దగ్గర, సంచిలో. ఆ వెలుగులో సంచి పక్కన నర్సింగ్ చెప్పులు.

చెప్పుల్లేకుండా రూమ్‌కెలా పోతాడు?

చూడండి, చెక్క నేల కుళ్లకుండా ఆ ఇళ్లకు అడుగున ఖాళీ వదులుతారు. చిల్లుల ఇటుకలు దానికి ముక్కురంధ్రాలు. కాపలావాళ్లు విన్న ఊపిరి ఆ గాలే. వైరు లాగడానికి నర్సింగ్ పెరటి బొక్కలోంచి ఆ ఖాళీలోకే దూరి, అవతలి కొసకు పాకాడు. దస్తగిర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

చెప్పులు చూశాకే అతనికి పెరటి బొక్క గుర్తొచ్చింది. పరుగున వెళ్లి తాను పేర్చిన ఇటుకల్ని పలుగుతో పొడిచాడు. తాను బాగా కలిపిన సిమెంటు... ఎంతకీ ఊడదే. చివరికి ఒక ఇటుక కదిలింది. లోపల్నించి వేళ్లు కదిలాయి.

లాగి కూర్చోబెట్టాక నర్సింగ్ చాలాసేపు దగ్గాడు.

"భాయ్... నిన్ను పేరు పెట్టి పిలిచిన."

దస్తగిర్ చేతిలోని పలుగు పక్కన పెట్టాడు.

"నువ్వు చదువుతాంటే వినబడ్డది. ఇంకింత గట్టిగ పిలిచిన. నువ్వు ఇంకింత గట్టిగ చదివినవ్." నర్సింగ్ కళ్లలోని దుమ్ము తుడుచుకున్నాడు. "అప్పుడనిపించింది... నేను సచ్చిపోయిన్నేమో, నాకే చదువుతున్నవేమో అని. గందుకే ఊకున్న."