బటన్‌కి ఎడమపక్క సీటు

ఇర్వింగ్‌లోని ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు కట్టలు ఏరుతూ రాజారావు అసైన్‌మెంట్ చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం లాస్ కొలీనాస్‌లో ఒక టవర్ పై అంతస్తులో పేకాట. ఆ బల్ల మీద నుంచి ఒక పోకర్ చిప్, పందెంలో డబ్బుకి బదులు పెట్టే బిళ్ళ, విక్టర్ ఓర్లాన్ అనే మనిషి జేబులోకి వెళ్ళకూడదు. పని అంతే.

పక్కన బెండకాయల కొసలు విరిచి చూస్తున్న స్మృతి తల ఎత్తలేదు. టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన ఆమె కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఫీల్డ్ ఏజెంట్. రాజారావు ఆమె బాస్. అంతకుముందు నుంచీ ఆమె తండ్రికి స్నేహితుడు.

"రెయిడ్ చేసి తీసుకోవచ్చు కదా, అంకుల్?"

"డ్యూటీలో అంకుల్ అనొద్దన్నాను. ఓర్లాన్ డిప్లొమాట్. ఒకసారి అతని జేబులో పడిందంటే మనం ముట్టుకోలేం. ముందే పట్టుకుందామంటే, అమ్మేవాడు ఎవడో తెలీదు. చిప్ బల్ల మీదకి వస్తేనే తెలుస్తుంది."

ఆ చిప్ లోపల దాచింది కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్ తెరిచే సెక్యూరిటీ కీ. దానికి నకలు తీయడం కుదరదు. దాన్ని రద్దు చేసి కొత్తది పెట్టాలంటే నెలలు పడుతుంది. ఈలోగా అది ఓర్లాన్ దేశానికి చేరితే, 2015 ఆగస్టు ఎండల్లో సగం టెక్సస్‌కి ఏసీలూ, ఆస్పత్రులూ, నీళ్ళ పంపులూ వాళ్ళ దయ మీద నడుస్తాయి.

ఈ సంగతి చేరవేసింది ఆ పేకాట నడిపే దమయంతి. హైదరాబాద్ నుంచి వచ్చి మూడు కాసినోల్లో పనిచేసిన డబుల్ ఏజెంట్. ఓర్లాన్ దగ్గరా డబ్బు తీసుకుంటుంది, రాజారావు దగ్గరా తీసుకుంటుంది. ఆమెను ఎంతవరకు నమ్మొచ్చని స్మృతి అడిగింది. నమ్మాల్సిన అవసరం రాకుండా చూసుకోమని రాజారావు కరివేపాకు బుట్టలో వేసుకున్నాడు.

ఆ వారమంతా అతనే ఆమెకు ఆట నేర్పాడు. అది షార్ట్ డెక్ అనే పోకర్. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు; ఆ ఏడింటిలో మేలైన ఐదే లెక్క. రెండు నుంచి ఐదు దాకా ముక్కలన్నీ తీసేస్తే మిగిలేది ముప్ఫై ఆరు. అందువల్ల లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఒక్కో రంగులో తొమ్మిది ముక్కలే కాబట్టి ఒకే రంగు ఐదు పడటం కష్టం. అందుకే ఇక్కడ ఆ ఫ్లష్, ఒక రకం మూడూ ఇంకో రకం రెండూ ఉండే ఫుల్ హౌస్‌ని కొడుతుంది. ఐదు లేదు కాబట్టి ఆసు ఆ లోటు తీరుస్తుంది. ఆసు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వరస కట్టినట్టే. మామూలు పోకర్ అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

ఆదివారం స్మృతి షామ్‌బర్గ్ నుంచి వచ్చిన మత్తు డాక్టర్ ఆండాళ్ అయింది. నెరిసిన విగ్గు, పట్టుచీర, చేతికి ఒక లావుపాటి బంగారు గాజు. ఆ గాజు ల్యాబ్‌లో చేసింది. కీ ఉన్న చిప్ జానెడు దూరంలోకి వస్తే సన్నగా వణుకుతుంది.

తలుపు దగ్గర ఫోన్లు తీసేసుకున్నారు. పచ్చరంగు షిఫాన్ చీరలో దమయంతి ఎదురొచ్చింది. ఆమె నవ్వితే గదిలో మగవాళ్ళందరూ ముక్కలు వదిలేసి చూశారు.

"మీ ఇంట్లో ఆసు విలువెంత, డాక్టర్ గారూ?"

"ఆరు పక్కన కూర్చుంటే ఐదు."

కోడ్ సరిపోయింది. దమయంతి ఆమెను గోపాల్ అనే పెద్దమనిషికి ఎడమపక్క కూర్చోబెట్టింది. అతనొక పవర్ కంపెనీలో సీనియర్ ఇంజనీర్. మర్యాదగా నమస్కారం పెట్టి, భోజనం చేశారా అండీ అని అడిగాడు. ఎదురుగా ఓర్లాన్. వెండిరంగు జుట్టు, చల్లని కళ్ళు. మిగతా ముగ్గురూ రిటైరైన డాక్టర్లు, నిజంగా ఆడుకోవడానికే వచ్చినవాళ్ళు. అందరికీ ఎర్ర చిప్స్, వాటితోపాటు తలా ఒక ఊదా చిప్ ఇచ్చారు. ఊదా అన్నిటికన్నా పెద్దది.

ఆట చాలాసేపు చప్పగా సాగింది. గాజు కదల్లేదు. డీలర్ బటన్ అనే గుర్తుబిళ్ళ బల్ల చుట్టూ తిరిగి తిరిగి గోపాల్ ముందుకొచ్చింది. ముక్కలు అందరికీ దమయంతే పంచుతుంది, కానీ ఎవరి తర్వాత ఎవరన్నది ఆ బటన్‌ని బట్టే.

ఈసారి స్మృతికి ఆఠీన్ ఆసు, కళావర్ ఆరు వచ్చాయి. బల్ల మీద ఏడు, తొమ్మిది, రాజు పడ్డాయి. మూడూ మూడు రంగులు. గోపాల్ జేబులోంచి వెండి భరిణె తీశాడు. నా లక్కీ చిప్ అండీ అంటూ అందులోని ఊదా చిప్‌ని బల్ల మధ్యలోని పందెం కుప్పలోకి, పాట్‌లోకి తోశాడు. అది ఆమె చెయ్యి పక్కనుంచి వెళ్తుంటే గాజు వణికింది.

భోజనం చేశారా అని అడిగిన మనిషి. స్మృతికి ఒళ్ళు మండింది. ముఖం మాత్రం మత్తు డాక్టర్‌దిగానే ఉంచుకుంది.

ఓర్లాన్ పందెం రెట్టింపు చేశాడు. డాక్టర్లు ముగ్గురూ ముక్కలు వదిలేశారు. స్మృతి వదల్లేదు. గోపాల్ కూడా అంతే పెట్టి కాల్ చేశాడు. తర్వాతి ముక్క ఎనిమిది, అది నాలుగో రంగు. ఆమె వరస పూర్తయింది. ఇక ఎవరికీ ఫ్లష్ పడే దారి లేదు.

ఓర్లాన్ తన ఊదా చిప్‌తో సహా ఉన్నదంతా ముందుకు నెట్టాడు. గోపాల్ తలవంచుకుని ముక్కలు వదిలేసి ఫోల్డ్ చేశాడు. ఇదీ వాళ్ళ ఏర్పాటు. అమ్మేవాడు చిప్ పాట్‌లో వదిలేస్తాడు, కొనేవాడు గెలుచుకుంటాడు. ఒకరి చెయ్యి ఒకరికి తగలదు.

ఓర్లాన్ ఇంగ్లీషులో మెత్తగా, ఈ పాట్ మీది కాదు డాక్టర్, వదిలేసి వెళ్ళి కాఫీ తాగండి అన్నాడు. తలుపు దగ్గరున్న అతని మనిషి రెండడుగులు ముందుకు వేశాడు.

వదిలేస్తే చిప్ ఎలాగూ అతనిదే. ఆడి ఓడినా అతనిదే. పది, జాకీ రెండూ అతని చేతిలో ఉంటే అతనిది ఇంకా పెద్ద వరస, ఆమె పని అయిపోయినట్టే.

"ముక్కలు నావి, చిప్స్ నావి" అంది స్మృతి. "కాఫీ తర్వాత తాగుతా." తన ఊదా చిప్‌తో కలిపి అంతా ముందుకు తోసింది.

చివరి ముక్క రాణి. ఎవరికీ పనికిరాదు.

ఓర్లాన్ తన ముక్కలు తిప్పాడు. ఇస్పేట్ ఆసు, డైమండ్ ఆరు. ఆసు నుంచి తొమ్మిది దాకా వరస. స్మృతి కూడా తన ముక్కలు తిప్పింది. అదే వరస.

"ఇద్దరిదీ ఒకటే" అంది దమయంతి. "పాట్ సగం సగం."

"నాది ఇస్పేట్ ఆసు" అన్నాడు ఓర్లాన్. "ఇస్పేట్ పెద్దది."

"ఈ ఆటలో రంగుకి హోదా లేదు" అంది స్మృతి. "రెండు ఫ్లష్‌లు ఎదురుపడినా పెద్ద ముక్క ఎవరిదో చూస్తారు, రంగు చూడరు. డాక్టర్లని అడగండి."

ముగ్గురిలో పెద్దాయన తల ఊపాడు. ఓర్లాన్ ఆయన వైపు చూడను కూడా లేదు. దమయంతి వైపే తిరిగి, నీకు జీతమిచ్చేది ఎవరో గుర్తు తెచ్చుకుని రూల్ చెప్పమన్నాడు. ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఆ నవ్వు లేకపోతే ఆమె చాలా అలసిపోయిన మనిషిలా కనిపించింది.

"జీతం మీది. బల్ల నాది" అంది. "రూల్ నేనే చెప్తాను. సగం సగం."

ఎర్ర చిప్స్ రెండు సమానమైన దొంతర్లయ్యాయి. మధ్యలో మూడు ఊదా చిప్స్ మిగిలాయి, ముగ్గురు పెట్టినవి. చూడ్డానికి మూడూ ఒక్కలాగే ఉన్నాయి. ఓర్లాన్ చెయ్యి చాపాడు.

"చెయ్యి తీయండి" అంది స్మృతి. "పంచేది డీలర్."

అతను తీయలేదు. ఆమె కళ్ళు తిప్పలేదు. డాక్టర్లు కూడా ఆ చెయ్యినే చూస్తున్నారు. సాక్షుల ముందు గొడవ డిప్లొమాట్‌కి మంచిది కాదు. చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది.

దమయంతి వేళ్ళు మూడు చిప్స్‌నూ ఒక్కొక్కటిగా తాకాయి. జీవితమంతా చిప్స్ పట్టిన వేళ్ళు, బరువులో వెంట్రుకవాసి తేడా కూడా వాటికి తెలుస్తుంది. ఒకటి ఓర్లాన్ దొంతరలో పెట్టింది. ఇంకోటి స్మృతి దొంతరలో పెట్టింది.

గాజు కదల్లేదు.

ఓర్లాన్ పెదవి చివర సన్నగా పైకి లేచింది. కీ అప్పుడే అతని దొంతరలోకి చేరిందో, ఇంకా దమయంతి వేళ్ళ మధ్యే ఉందో తెలిసింది ఆ గదిలో ఒక్క దమయంతికే.

మూడో చిప్ పట్టుకుని ఆమె ఓర్లాన్‌ని చూసింది, తర్వాత స్మృతిని చూసింది.

"రూల్ ప్రకారం, సగం చేయలేని చిప్ బటన్‌కి ఎడమపక్క మొదటి సీటుకి" అంటూ బల్ల మీద జార్చింది.

అది స్మృతి చేతిని చేరకముందే గాజు వణికింది.

ఓర్లాన్ సగం లేచి నిలబడ్డాడు. ఆ చిప్‌కి ఎంత కావాలో చెప్పమన్నాడు. అమ్మకానికి లేదని స్మృతి దాన్ని జాకెట్‌లో దోపుకుని, మిగతా చిప్స్ అక్కడే వదిలేసి లేచింది. తలుపు దగ్గరి మనిషి అడ్డం నిలబడ్డాడు. ముగ్గురు డాక్టర్లూ, మేమూ కిందికే వస్తున్నాం పదండమ్మా అంటూ లేచారు. అతను పక్కకి తప్పుకోక తప్పలేదు.

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు దమయంతి గొంతు తగ్గించింది. "రెండు వైపులా అబద్ధాలు చెప్పాను. ముక్కల దగ్గర మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పమన్నాడు."

ఆమె ఇక అక్కడ ఉండకూడదని స్మృతి అంది. తనతోపాటు లిఫ్ట్ ఎక్కించుకుంది. దమయంతి హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే తెచ్చుకుంది.

వాళ్ళ వెనకే దిగొచ్చిన గోపాల్‌ని స్మృతి చూపించగానే లాబీలో అతని చేతులకి బేడీలు పడ్డాయి. అతను ఎవరి ముఖమూ చూడలేదు. రాజారావు చిప్‌ని సీల్ చేసిన సంచిలో వేసి, బాగా ఆడావమ్మా అన్నాడు. డ్యూటీలో అమ్మా అనొద్దని స్మృతి విగ్గు తీసేసింది.

అప్పుడే రెండో లిఫ్ట్‌లోంచి ఓర్లాన్ దిగాడు. అతన్ని ఎవరూ ఆపలేదు, ఆపడానికి వీల్లేదు. కోటు సర్దుకుంటూ ఆమె ముందు ఆగి, అదృష్టమంతా మీ వైపే ఉంది అన్నాడు.

"అంతా కాదు సర్" అంది స్మృతి. "సగం మీకూ ఇచ్చాం. మీరే పైన వదిలేసి వచ్చారు."